చిట్టెం కుప్ప కింద

పోయిన వారం క్లెమ్ యాగర్‌ని నడుం లోతు గోతిలో నిలబెట్టి వదిలేశాను. పాపం, వారం నుంచీ అక్కడే ఉన్నాడు. ముందు అతన్ని బయటికి లాగి, కథ ఎందాకా వచ్చిందో చెప్పేస్తాను. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లు కూడా ఉంటారు కదా.

మా ఊరు క్విల్బీ. నెబ్రాస్కా గడ్డి మైదానంలో రైలు కంపెనీ వాళ్లు అక్షరాల వరసలో ఊళ్లకి పేర్లు పెట్టుకుంటూ పోతే మాకు 'క్యూ' వచ్చి పడింది. తూర్పున పెల్హామ్, పడమర రెండల్, మధ్యలో మేము. ఇంజన్లకు నీళ్లు కావాలని ట్యాంకు కట్టారు, ట్యాంకు చూసుకోవడానికి మనుషుల్ని తెచ్చారు, వాళ్లలో ఒకడు మొదటి వారంలోనే పోతే శ్మశానానికి జాగా కొలిచారు. చర్చి కట్టింది ఆ తర్వాత ఆరేళ్లకి. ఇప్పుడు 1949లో డీజిలు ఇంజన్లు వచ్చాయి, వాటికి దాహం లేదు, మా మొహం చూడకుండానే పోతున్నాయి. నేను వెల్మా స్ట్రౌడ్‌ని. స్టేషన్లో తంతి ఆపరేటరుని. చేతిరాత బాగుందన్న పాపానికి శ్మశానం సంఘానికి కార్యదర్శిని కూడా నేనే.

బుధవారం ఆల్మా ప్రెవిట్ పోయింది. ఆమె కూతురు లెనోరా, మూడో తరగతి టీచరు, నాతోపాటు చదువుకున్నది. లెనోరా నాన్న డెల్బర్ట్ గూడ్సు బండి వెనక పెట్టెలో బ్రేక్‌మన్‌గా పనిచేస్తూ 1909 ఫిబ్రవరి మంచు తుఫానులో, ప్రమాదంలో పోయాడు. అప్పటికి లెనోరా వయసు నాలుగు రోజులు. శ్మశానంలో రైలువాళ్ల భాగంలో పదహారో నంబరు ఆయనది, పక్కనున్న పదిహేడు ఆల్మా తన పేర రాయించుకుంది. మొగుడి పక్కన పడుకోవాలన్నది ఆమె కడపటి కోరిక. శనివారం రెండింటికి అంత్యక్రియలు. శుక్రవారం పొద్దున్న క్లెమ్ పదిహేడులో తవ్వుతుంటే పలుగుకి చెక్క తగిలింది. ఖాళీగా ఉండాల్సిన జాగాలో ఎవరిదో శవపేటిక ఉంది.

అక్కడ ఆపాను. ఇక వినండి.

"మట్టి కప్పేశాను," అన్నాడు క్లెమ్, పైకొచ్చి మోకాళ్లు దులుపుకుంటూ. "ఎవరో ఏమో, పడుకున్నాయన్ని లేపడం నాకిష్టం లేదు. ఇప్పుడు చెప్పండి మిసెస్ స్ట్రౌడ్, మీ పటంలో ఇక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఖాళీ అని రాసుంది."

"ఖాళీకి ఇనప పిడులుంటాయా?"

 పటం మడత విప్పి మళ్లీ చూశాను. రైలువాళ్ల భాగంలో నలభై జాగాలు, వరసకి అయిదు చొప్పున ఎనిమిది వరసలు, మధ్యలో నడిచే దారి, రెండు చివర్లా ఒకేలాంటి గేట్లు. అన్నీ ఒకే స్కేలుతో గీసినవి. 1913లో ఇంజన్ నిప్పురవ్వకి గడ్డి అంటుకుని, నంబర్లున్న కొయ్య పలకలన్నీ కాలిపోయాయి. అప్పుడు సంఘం ఆడవాళ్లు ఈ పటం పట్టుకునే పేర్లతో సిమెంటు రాళ్లు పెట్టించారు. వాళ్లలో మా అత్తగారు పెద్ద. ఆవిడ పటం పట్టుకుందంటే దేవుడొచ్చినా చేయి పెట్టనిచ్చేది కాదు.

లెనోరా తన నాన్న రాయి దగ్గర నిలబడి ఉంది. సోమవారం ఊరంతా సమాధుల మీద పూలు పెట్టే రోజు కాబట్టి ముందే రాయి కడిగి పెట్టుకుంది. కోటు జేబులో చేయి ఉంది. ఆ జేబులో ఏముందో నాకు తెలుసు, ఎందుకంటే నా జేబులోనూ అదే ఉంది.

దాని సంగతి చెప్పాలి. అవతలి గేటు వైపు, ఇరవై అయిదో నంబరు దగ్గర, మోకాలెత్తు చిట్టెం కుప్ప ఉంటుంది. ఇంజన్ పొయ్యిలో బొగ్గు కాలి గడ్డకట్టిన నల్లరాయి, అదే చిట్టెం. ఆ కుప్ప కింద ఆర్విడ్ హోల్మ్ ఉన్నాడు. 1909లో ఇక్కడ తంతి ఆపరేటరు, స్వీడన్ కుర్రాడు. ఇప్పుడు నేను కూర్చుంటున్న కుర్చీ అతనిదే. గూడ్సు బండి మంచులో చిక్కుకుని ఆగి ఉంటే, అతను కునుకు తీసి వెనక వచ్చే ప్యాసింజరుని ఆపకుండా వదిలేశాడని విచారణలో తేల్చారు. లేచేసరికి ఆలస్యమైంది, ఎర్ర లాంతరు పట్టుకుని పట్టాల వెంట పరిగెత్తాడు, ఆ బండి కిందే పోయాడు. తొమ్మిది మంది చచ్చారు. కొయ్య పలక మీద నంబరే ఉన్నన్నాళ్లూ అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. రాయి మీద పేరు కనబడ్డాక మొదలైంది. పూలు పెట్టే రోజున మావాళ్లకి పూలు పెట్టి, వచ్చేటప్పుడు అతని మీద తలా ఒక చిట్టెం వేసి వస్తాం. లెనోరా నాలుగేళ్లప్పటి నుంచీ వేస్తోంది. నేను ఆపరేటరునయ్యాక మరీ గట్టిగా విసురుతున్నాను, ఆ నిద్ర నాకు అంటకూడదని.

"మీ అమ్మ ఏనాడూ వేయలేదు కదా," అన్నాను, ఎందుకో అది గుర్తొచ్చి.

"అమ్మకి భుజం నొప్పి," అంది లెనోరా. "వెల్మా, రేపు రెండింటికి అమ్మని ఎక్కడ పెట్టను? అది చెప్పు చాలు."

"డోలన్ తాతని అడుగుదాం. ఈ పటం గీసింది ఆయనే."

మార్టిన్ డోలన్ ఒకప్పుడు ఇక్కడ పట్టాల మేస్త్రీ. కంపెనీ పారేసిన గూడ్సు పెట్టెకి చక్రాలు ఊడదీసి అందులో కాపురం ఉంటాడు. వయసు ఎనభై ఆరు. 1911లో బదిలీ మీద పోయి, పదేళ్ల తర్వాత తిరిగొచ్చాడు. క్యాథలిక్కు కాబట్టి మా శ్మశానంలో కాలు పెట్టడు. మేం ముగ్గురం వెళ్లేసరికి బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు.

"రా పిల్లా," అన్నాడు లెనోరాతో. "మీ అమ్మ మంచి మనిషి. నోరు కుట్టేసుకున్న మనిషి. కూర్చో."

పటం ఆయన ఒళ్లో పరిచాను. గట్టిగా రెండు నిమిషాలు కూడా చూడలేదు.

"శ్మశానంలో నిలబడి దీన్ని ఎటు తిరిగి పట్టుకుంటారు?"

"ఉత్తరానికి తిరిగి. పైనుండేది ఉత్తరమే కదా."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెబుతాను, ఏటా ముప్పై మంది పిల్లలకి," అంది లెనోరా.

"బడి పటంలో ఉంటుందేమో. ఇది పట్టాలవాడు గీసిన పటం. మా పటాల్లో హెడ్డాఫీసు ఎప్పుడూ ఎడమ చేతికే ఉంటుంది. దేశంలో ఏ మూల గీసినా అంతే. హెడ్డాఫీసు ఎటుంది?"

"తూర్పున," అన్నాను.

"తూర్పు ఎడమ చేతికి రావాలంటే ఎటు తిరగాలి?"

నేను కూర్చున్నచోటే అటూ ఇటూ తిరిగి చూసుకున్నాను. క్లెమ్ ఏకంగా లేచి నిలబడి రెండు చేతులూ చాపాడు. దక్షిణానికి తిరగాలి. అంటే పటం పైభాగం దక్షిణం. అంటే మేం మొదటి నుంచీ దాన్ని తలకిందులుగా పట్టుకున్నాం.

"పట్టాలైనా గీసి ఉండకూడదా తాతా? అప్పుడు తెలిసేది కదా," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"పట్టాలెక్కడున్నాయో తెలియనివాడు క్విల్బీలో ఎందుకుంటాడు?"

ఒకటో నంబరు రాయి నలభైలో ఉంది, నలభైది ఒకటిలో ఉంది. ఇంకా లెక్కపెట్టడం ఇష్టం లేకపోయినా నా వేలు పటం మీద కదులుతూనే ఉంది. పదిహేడనుకుని క్లెమ్ తవ్వింది ఇరవై నాలుగు. అందులో ఉన్నది పేరు తెలియని కూలీ. నిజమైన పదిహేడు అవతలి గేటు దగ్గర, ఖాళీగానే ఉంది. దాని పక్కనుండే పదహారు మీద మేం ఇరవై అయిదో నంబరు రాయి పెట్టాం. ఆర్విడ్ హోల్మ్ పేరున్న రాయి.

లెనోరా నాకంటే ముందే అక్కడికి చేరినట్టుంది. జేబులోంచి చిట్టెం ముక్క తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, డోలన్ బంగాళాదుంపల పక్కన పెట్టింది.

"నేను నాన్న మీద వేశాను," అంది. "ముప్పై ఆరేళ్లు. పూలేమో ఆయనకి పెట్టాను. ఆ ఆపరేటరుకి."

క్లెమ్ టోపీ తీశాడు. తను కూడా వేసినవాడే. మా ఊళ్లో వేయనివాడు లేడు. నాకు సిగ్గుతో చెవులు మండాయి, దాని వెనకే కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తేలలేదు. మా అత్తగారి మీద అనుకుంటే ఆవిడ కూడా అక్కడే ఉంది, సరైన చోటో కాదో ఇప్పుడు అదీ అనుమానమే.

"ఇంతమందిలో ఒక్కరికీ తెలియలేదా?" అన్నాను.

"ఎవరికి తెలుస్తుంది? ఆ భాగంలో ఉన్నవాళ్లంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు. ఊళ్లో అయినవాళ్లున్నది ఒక్క డెల్బర్ట్‌కే," అన్నాడు డోలన్. "ఆల్మాకి తెలుసు."

 డోలన్ కత్తి పక్కన పెట్టాడు.

"పలకలు కాలకముందు నాలుగేళ్లు ఆ పదహారు దగ్గరికి వెళ్లింది కదా. మొగుడెక్కడున్నాడో మరిచిపోతుందా? నేను బదిలీ నుంచి వచ్చాక కంచె బయటి నుంచి చూసి, పరిగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. ఆల్మా, రాళ్లు తప్పు చోట పెట్టారు, సంఘం వాళ్లకి చెబుతాను అని. గుడ్డలు ఆరేస్తోంది. నాకు తెలుసు మార్టిన్ అంది. పదిహేడు నా పేర రాయించు అంది. ఇంకోమాట కూడా అంది."

"ఏమంది?"

"పెద్దదానివయ్యావు, వినగలవులే. రాళ్లు తప్పు చోట ఉన్నాయి గానీ చిట్టెం పడాల్సినవాడి మీదే పడుతోంది, ఎవరికీ చెప్పకు అంది."

లెనోరా మూడో తరగతి పిల్లని నిలదీసినట్టు నిలదీసింది. "అంటే ఏమిటి? మా నాన్న ఏం చేశాడని?"

"ఏం చేయలేదో అడుగు," అన్నాడు డోలన్, మెల్లగా. "డెల్బర్ట్ భోజనం డబ్బా ఏమైంది?"

ఆ డబ్బా సంగతి ఊరంతటికీ తెలుసు. ఇనప తీగ చుట్టి ఉన్న నల్ల రేకు డబ్బా, ఆల్మా మంచం కింద నలభై ఏళ్లుంది. తెరవకుండా తన కాళ్ల దగ్గర పెట్టి పాతిపెట్టమంది.

"పేటికలో పెట్టాం," అంది లెనోరా.

"ప్రమాదం నాడు విరిగిన పెట్టె చెక్కల్లోంచి దాన్ని తీసింది నేనే. విచారణాధికారి రాకముందే కోటు కింద పెట్టుకుని తీసుకెళ్లి మీ అమ్మకిచ్చాను. నువ్వు ఆవిడ పక్కనే పడుకుని గుక్కపట్టి ఏడుస్తున్నావు. ఎత్తినప్పుడు లోపల గలగలమంది. రొట్టె ముక్క గలగలమనదు కదా పిల్లా. నాకు అర్థమైంది. అర్థమయ్యే ఇచ్చాను. ఆర్విడ్‌కి రెండల్‌లో ఒక చెల్లెలుంది, సిగ్నే, స్టేషనెదురుగా రొట్టెల దుకాణం. ఆ పిల్ల మొహం చూడలేక ఈ నలభై ఏళ్లూ అక్కడ బండి ఆగితే కిటికీ మూసేవాణ్ణి."

ఆపరేటరుని కాబట్టి నాకూ అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది. బండి దారిలో ఆగిపోతే వెనక పెట్టెలో ఉండే బ్రేక్‌మన్ ఎర్రజెండా పట్టుకుని అరమైలు వెనక్కి నడవాలి. పట్టాల మీద టపాకాయలు బిగించాలి. వెనకొచ్చే ఇంజన్ చక్రం ఎక్కగానే అవి పేలుతాయి, డ్రైవరు బ్రేకు వేస్తాడు. ఆ రోజు టపాకాయలు పేలలేదని ప్యాసింజరు డ్రైవరు విచారణలో మొత్తుకున్నాడట. మంచులో వినబడి ఉండదు అని తోసిపుచ్చారు. డెల్బర్ట్ బిగించి వెనక్కి వచ్చి పెట్టెలో కూర్చున్నాడనే అందరూ అనుకున్నారు.

ముగ్గురం లెనోరా ఇంటికి నడిచాం. ముందుగదిలో ఆల్మా పేటికలో పడుకుని ఉంది, నీలం గౌనులో, కట్టుడు పళ్లతో, ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేనట్టు. ఆ పళ్లు చూస్తే ఎప్పుడూ నవ్వొచ్చేది. ఏటా మే నెలలో, పూలు పెట్టే రోజుకి వారం ముందు, ఆల్మా పళ్ల డాక్టరు దగ్గరికని పొద్దుటి బండికి వెళ్లి సాయంత్రం బండికి వచ్చేది. ఒక్క పన్ను కూడా మిగలకపోయాక కూడా వెళ్లడం మానలేదు. ఈ ఏడు మంచం పట్టి వెళ్లలేకపోయింది.

లెనోరా కాళ్ల దగ్గర దుప్పటి ఎత్తి డబ్బా తీసింది.

"తెరవొద్దంది కదా," అన్నాను.

"చాలా వాటికి వద్దంది. నేను విన్నాను. వింటూ ఏం చేశానో చూశావుగా."

క్లెమ్ పటకారుతో తీగ తెంపాడు. మూత తుప్పుపట్టి ఉంది, ఇద్దరం పట్టుకుని లాగాల్సి వచ్చింది. లోపల పొడి పొడి అయిపోయిన గుడ్డ, గుడ్డలో మూడు టపాకాయలు. ఎర్ర కాగితం వెలిసి గులాబీ రంగుకొచ్చింది. పట్టాకి బిగించేటప్పుడు వంచే సీసం పట్టీలు తిన్నగా ఉన్నాయి, ఎవరూ ఎప్పుడూ వంచలేదు. బండికి మూడే ఇస్తారు.

"వెళ్లలేదు," అంది లెనోరా. "అసలు పెట్టె దిగలేదు. నిద్రపోయాడు కదూ? చెప్పు వెల్మా, నిద్రపోయింది ఆయనే కదూ?"

"నాకు తెలియదు లెనోరా. చలికి దిగలేకపోయాడేమో. జబ్బు చేసిందేమో."

"నాలుగు రోజుల పిల్లని. మూడు రాత్రులు ఏడ్చి ఉంటాను. నేనే పడుకోనిచ్చి ఉండను."

అప్పుడు ఏడ్చింది. మూడు రోజులుగా తల్లి కోసం రాని ఏడుపు అది. ఆమె భుజం మీద చేయి వేశాను. ఆపరేటరు పరిగెత్తింది తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి కాదేమో. ఎవరూ వెళ్లలేదని చూసి, ఆ పని తను చేయబోయాడేమో. అతనికి ముప్పై ఆరేళ్లు పూలు పెట్టింది ఊరు మొత్తం మీద లెనోరా ఒక్కతే, అదీ తెలియకుండా. ఆల్మా కావాలనే ఆ పూలు అక్కడ పడనిచ్చిందా? కూతురికి ఒక్కమాట చెబితే ఏం పోయేది? మొగుడి మీద అంత పగ ఉంటే అతని పక్కనే పడుకుంటానని ఎందుకంది? పేటికలోకి చూశాను, అడగాలనిపించింది.

క్లెమ్ టోపీ తిప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు. "మిస్ లెనోరా, ఇలా అడగాల్సి రావడం నాకు బాధగానే ఉంది. కానీ ఇప్పుడు మొదలుపెడితేనే రేపటికవుతుంది. ఎక్కడ తవ్వను?"

ఆమె ముక్కు తుడుచుకుంది. తల్లి చేతులకేసి చూసింది.

"పదిహేడులోనే. నిజం పదిహేడులో. ఆవిడ తెలిసే అడిగింది, నాకు తెలియకపోతే మానె."

"కుప్ప ఆ జాగా మీదికి ఒరిగింది. చిట్టెం అంతా తీయాలి."

"తీసెయ్. నాన్న మీదది కూడా తీసెయ్."

"ఎక్కడ పొయ్యను?"

"నీ ఇష్టం. ఎవరి మీదా పొయ్యకు."

అతను వెళ్లాక లెనోరా టపాకాయలు డబ్బాలో పెట్టలేదు, బల్ల మీదే ఉంచింది. సోమవారం ఊరంతా చిట్టెం పట్టుకుని వచ్చేలోపు వీటి సంగతి చెప్పాలంది. ఊరికంటే ముందు రెండల్‌లో ఆయన చెల్లెలికి చెప్పాలంది. స్టేషన్‌కి వచ్చి నా పక్కన, ఆర్విడ్ కుర్చీ పక్కన నిలబడి చెబుతుంటే నేను మీట కొట్టాను: ఆల్మా ప్రెవిట్ పోయింది, రేపు రెండింటికి ఖననం, మీ అన్నగారి విషయంలో పెద్ద తప్పు జరిగింది, దయచేసి రండి, లెనోరా ప్రెవిట్. ముక్కూ మొహం తెలియని మనిషికి ఇంతకంటే ఎలా రాస్తాం?

"రాదు," అంది లెనోరా. "నేనైతే రాను. అసలు ప్రెవిట్ అంటే ఎవరో కూడా ఆవిడకి తెలిసుండదు."

గంటకి జవాబు వచ్చింది. మీట టకటకలాడుతుంటే నేను రాసుకుంటూ పోయాను. రాస్తున్న మాటలు తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది. కాగితం ఆమె చేతికిచ్చాను. లెనోరా ఒకసారి చదివి, నా మొహంలోకి చూసి, మళ్లీ చదివింది.

"పళ్ల డాక్టరు," అంది. "ఆయన ఆస్పత్రి ఏ ఊళ్లో అన్నది అమ్మ?"

"రెండల్‌లో."

కాగితం మీద నా చేతిరాతలో ఇలా ఉంది:

"ఈ మే నెల ఆల్మా ఇంకా రాలేదేమా అని రోజూ బండి చూస్తున్నాను. రేపు పన్నెండు నలభైకి దిగుతాను. నేను వచ్చేదాకా ఆ చిట్టెం కుప్ప కదపనివ్వద్దు. సిగ్నే హోల్మ్."

గోడ గడియారం చూశాను. క్లెమ్ పార పట్టుకుని వెళ్లి గంటన్నర దాటింది.